క్వాల్ట్రో ఎవరు? తొంభై ఏళ్లు దాటినా తేలని లివర్‌పూల్ హత్య

1931 జనవరి 19, సోమవారం. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో సిటీ కేఫ్ అనే చోట చదరంగం క్లబ్బు వాళ్లు ఆటకు చేరుతున్నారు. రాత్రి 7:20 ప్రాంతంలో అక్కడి ఫోన్ మోగింది. క్లబ్బు కెప్టెన్ శామ్యూల్ బీటీ మాట్లాడాడు. విలియం హెర్బర్ట్ వాలెస్ ఉన్నాడా అని అవతలి మనిషి అడిగాడు. ఇంకా రాలేదు, కాసేపాగి చేయమన్నాడు బీటీ. కుదరదు, మా అమ్మాయి ఇరవయ్యొకటో పుట్టినరోజు హడావుడిలో ఉన్నాను, రేపు రాత్రి ఏడున్నరకు ఆయన్నే మా ఇంటికి రమ్మనండి, ఆయన వ్యాపారానికి సంబంధించిన పనే అని జవాబు వచ్చింది. పేరు ఆర్.ఎం. క్వాల్ట్రో. చిరునామా 25, మెన్లవ్ గార్డెన్స్ ఈస్ట్. బీటీ అదంతా రాసుకుని, తర్వాత క్లబ్బుకు వచ్చిన వాలెస్‌కు చెప్పాడు.

వాలెస్ ప్రుడెన్షియల్ బీమా కంపెనీ ఏజెంటు. ఇంటింటికీ తిరిగి ప్రీమియం వసూలు చేసే ఉద్యోగం. వయసు 52. కుర్రతనంలో కొన్నాళ్లు కలకత్తాలోనూ షాంఘైలోనూ పనిచేసి, ఆరోగ్యం చెడి స్వదేశానికి తిరిగొచ్చినవాడు. మంగళవారం సాయంత్రం ట్రాములు మారుతూ ఆ చిరునామా వెతుక్కుంటూ వెళ్లాడు. మెన్లవ్ గార్డెన్స్ నార్త్ ఉంది, సౌత్ ఉంది, వెస్ట్ ఉంది. ఈస్ట్ లేదు. కండక్టర్లను, దారినపోయేవాళ్లను, ఓ పోలీసును కూడా అడిగి, ఆన్‌ఫీల్డ్ పేటలోని తన ఇంటికి చేరేసరికి 8:45 అయింది. తలుపులు తెరుచుకోలేదన్నాడు. పక్కింటి జాన్‌స్టన్ దంపతులు చూస్తుండగా మళ్లీ ప్రయత్నిస్తే పెరటి తలుపు తెరుచుకుంది. ముందుగదిలో భార్య జూలియా తల పగిలి చచ్చిపడి ఉంది.

పోలీసులు వాలెస్‌నే అరెస్టు చేశారు. ఏప్రిల్‌లో విచారణ జరిగింది. జడ్జి జ్యూరీకి సాక్ష్యాలను వివరించిన తీరు నిందితుడికే అనుకూలంగా ఉంది. అయినా జ్యూరీ గంటసేపట్లో దోషి అని తేల్చింది, ఉరిశిక్ష పడింది. మే 19న అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. సాక్ష్యాలను చూస్తే ఈ తీర్పు నిలబడదని చెప్పి హత్య కేసులో శిక్ష రద్దు చేయడం అక్కడ అదే మొదటిసారి అంటారు. వాలెస్ బయటికొచ్చాడు గానీ ఊరు ఆయన్ని వదల్లేదు. 1933 ఫిబ్రవరిలో కిడ్నీ జబ్బుతో పోయాడు. ఈ హత్యకు ఆ తర్వాత ఎవరికీ శిక్ష పడలేదు.

అప్పటి నుంచి ఈ కేసు కోర్టు చేతి నుంచి జనం చేతికి వచ్చింది. రిటైరైన పోలీసులు, లాయర్లు, చదరంగం ఆటగాళ్లు, పాత ట్రాముల చరిత్ర మీద మోజున్నవాళ్లు, అపరాధ పరిశోధన నవలలు రాసేవాళ్లు ఎవరికి వారే దీన్ని విప్పబోయారు. నిజానికి ఈ పని విచారణకు ముందే మొదలైంది. వాలెస్ కోర్టు ఖర్చులు భరించాలా వద్దా అని తేల్చుకోవడానికి ప్రుడెన్షియల్ ఉద్యోగుల సంఘం తనలో తాను ఒక ఉత్తుత్తి విచారణ జరిపింది. సాక్ష్యాలన్నీ విని, మనవాడు నిర్దోషి అని నిర్ణయించుకుని డబ్బు ఇచ్చింది. అసలు జ్యూరీ కన్నా ఆ బీమా ఏజెంట్లే చట్టం కోరే తీర్పు ఇచ్చారన్నమాట.

ఇన్నేళ్ల వాదనలను వరసపెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఎవరు ఎవరిని దోషి అంటారనేది వాళ్లు ఎక్కడ మొదలుపెట్టారన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంది. ఇంటి దగ్గర మొదలుపెట్టినవాళ్లు వాలెస్ దగ్గర తేలతారు. ఫోన్ దగ్గర మొదలుపెట్టినవాళ్లు పారీ అనే మరో మనిషి దగ్గర తేలతారు.

ముందు ఫోన్ సంగతి. ఆ కాల్ చేసిన మనిషి డబ్బులు వేసినా లైను కలవడం లేదని ఆపరేటర్‌కు చెప్పాడు. దాంతో ఎక్స్ఛేంజ్‌లో ఆ కాల్ నమోదైంది. ఆ చిన్న చిరాకు లేకపోతే అది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం సాధ్యమయ్యేది కాదనే చెప్పాలి. అది ఆన్‌ఫీల్డ్ 1627 అనే పబ్లిక్ ఫోన్ బూత్. వాలెస్ ఇంటికి దాదాపు 400 గజాలు. వాలెస్ ఆ రాత్రి 7:15కు క్లబ్బుకు బయల్దేరానని తానే చెప్పాడు. ప్రాసిక్యూషన్‌కు ఇంకేం కావాలి? ఇంట్లోంచి వచ్చాడు, బూత్‌లో దూరాడు, గొంతు మార్చి తనకు తానే కబురు పెట్టుకున్నాడు, ట్రామెక్కి క్లబ్బుకు వెళ్లాడు.

అవతలివాళ్లు ఇదే బూత్‌ను ఇంకోలా చదువుతారు. వాలెస్ ఇల్లు వదలడం చూసినవాడు ఎవరైనా సరిగ్గా ఆ బూత్‌నుంచే, సరిగ్గా ఆ వేళకే ఫోన్ చేస్తాడు కదా. క్లబ్బు పోటీల పట్టిక కేఫ్ గోడమీద అందరికీ కనిపించేలా ఉండేది. వాలెస్ ఏ రోజు ఆడాలో అందులో రాసి ఉంది. ఇక గొంతు. వాలెస్‌ను ఎన్నో ఏళ్లుగా ఎరిగిన బీటీ, అది ఆయన గొంతు కాదనే కోర్టులో చెప్పాడు. బీటీకి అది బొంగురుగా, గట్టిగా వినిపించింది. లైను కలిపిన టెలిఫోన్ ఆపరేటర్‌కేమో మామూలు గొంతులాగే అనిపించింది. ఈ తేడాను పట్టుకుని, క్లబ్బు లైనులోకి రాగానే గొంతు మార్చాడంటే వినేవాడు తెలిసినవాడే అయ్యుండాలి అని ఒక వాదన. తెలివైనదే. కానీ రోజుకు ఎన్నో కాల్స్ కలిపే ఆపరేటర్ చెవికీ, తెలియని పేరును రాసుకుంటున్న మనిషి చెవికీ మధ్య ఉండే తేడాతోనే ఇది సరిపోతుంది. వాలెస్ మిత్రుడైనా, కేఫ్‌కు అలవాటుపడ్డ ఇంకెవరైనా గొంతు మార్చుకునే అవసరం ఉంటుంది కాబట్టి దీంతో ఎవరినీ వేరుచేసి పట్టుకోలేం.

రిచర్డ్ గోర్డన్ పారీ అప్పటికి 22 ఏళ్ల యువకుడు. ప్రుడెన్షియల్‌లో వాలెస్‌తో పనిచేసి, వసూళ్ల లెక్కల్లో తేడాలొచ్చి మానేసినవాడు. వాలెస్ ఇంటికి రాకపోకలుండేవి. క్యాష్‌బాక్సు ఎక్కడ ఉంటుందో తెలుసు. సరదా నాటకాల్లో వేషాలు వేసేవాడు. వాలెస్ పోలీసులకు ఇచ్చిన పేర్లలో ఇతని పేరూ ఉంది. ఫోన్ వచ్చిన వేళకు తాను స్నేహితురాలి ఇంట్లో ఉన్నానని పారీ పోలీసులకు చెప్పిన మాట తర్వాతి పరిశీలనలో నిలవలేదు. ఈ సంగతి 1931 జ్యూరీకి తెలియదు. పారీ 1980లో చనిపోయాకే, 1981లో లివర్‌పూల్‌లోని ఒక రేడియో స్టేషన్ అతని పేరు బాహాటంగా చెప్పింది. ఈ హత్య విషయంలో అతని మీద ఏనాడూ కేసు పెట్టలేదు.

ఫోన్ దగ్గరే ఆగితే పారీ బలమైన అనుమానితుడే. చిక్కంతా మంగళవారం రాత్రిది. హత్య జరిగిన సాయంత్రం దాదాపు ఎనిమిదిన్నర దాకా అతను ఒక కుటుంబం ఇంట్లో ఉన్నాడని ఆ ఇంటివాళ్లు చెప్పారు. వాలెస్ 8:45కే ఇంటి దగ్గరున్నాడు. కాబట్టి ఫోన్ చేసినవాడే హంతకుడైతే పారీ కుదరడు.

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. ఈ కేసులో నిజంగా కొలవగలిగిన సాక్ష్యం ఉన్నది ఇక్కడే. ఔత్సాహికులు దీని మీద ఎంత కొట్టుకున్నా తప్పుపట్టలేం. జూలియాను ప్రాణాలతో ఆఖరున చూసింది పాలు పోసే 14 ఏళ్ల కుర్రాడు. దారిలో చర్చి గడియారం 6:25 చూపించిందన్నాడు. అక్కణ్నుంచి నడక లెక్కగట్టి, ఆమె తలుపు తీసింది 6:31కి అని పోలీసులు తేల్చారు. అదే వీధిలో పేపర్లు వేసే ఇంకో కుర్రాడు, ఆ గుమ్మం ముందు పాలబ్బాయిని తాను చూసింది 6:37, 6:38 మధ్య అన్నాడు. ఇంకా కొందరు పిల్లలు, వాడు మొదట మాతో 6:45 అన్నాడని చెప్పారు. ఇది ఒక చివర.

రెండో చివర ట్రాము. స్మిత్‌డౌన్ రోడ్డు దగ్గర వాలెస్ 7:06 ప్రాంతంలో ట్రామెక్కడం కండక్టరుకు గుర్తుంది. ఇంటి నుంచి అక్కడికి ఎంతసేపు పడుతుందో చూడటానికి డిటెక్టివులు మళ్లీ మళ్లీ పరుగులాంటి నడకతో వెళ్లి ట్రాములెక్కారు. వాళ్లకు ‘ఆన్‌ఫీల్డ్ హారియర్స్’ అని, పరుగుపందేల క్లబ్బులకు పెట్టుకునే తరహా పేరు ఒకటి ఎగతాళిగా పెట్టారు. 17 నుంచి 20 నిమిషాలు పట్టింది. అంటే వాలెస్ ఎంత ఆలస్యంగా బయల్దేరినా 6:49 దాటకూడదు.

పోలీసుల లెక్క ప్రకారం వాలెస్‌కు దొరికింది 18 నిమిషాలు. పేపరబ్బాయి మాట నమ్మితే 11. పిల్లల మాట నమ్మితే నాలుగు. ఆ వ్యవధిలో భార్యను ముందుగదిలోకి రప్పించి, తలమీద పదే పదే కొట్టి చంపి, ఒంటిమీద రక్తపు చుక్క లేకుండా శుభ్రం చేసుకుని, దొంగతనంలా కనిపించేట్టు క్యాష్‌బాక్సు తెరిచి, బీరువా తలుపు విరిచి, ఆయుధం మాయం చేసి, వగర్చకుండా ట్రాములో కూర్చోవాలి. ఆయన బట్టలమీద రక్తం దొరకలేదు. ఆయుధం ఎప్పటికీ దొరకలేదు.

దీనికి ప్రాసిక్యూషన్ చెప్పిన జవాబు, ఈ కేసులో అందరికీ గుర్తుండిపోయే బొమ్మ: ఒంటిమీద నూలుపోగు లేకుండా రెయిన్‌కోటు ఒక్కటే తొడుక్కుని చంపాడు. శవం కింద వాలెస్ రెయిన్‌కోటు నలిగి, కొంత కాలి దొరికిన మాట నిజం. జూలియా లంగా కూడా, గది వెచ్చగా ఉండటానికి అక్కడ పెట్టుకున్న గ్యాస్ పొయ్యి తగిలి కాలింది. కానీ కోటు అక్కడికెలా వచ్చిందో చెప్పడానికి నగ్న హంతకుడే అక్కర్లేదు. ఆమెకు ఆ రోజుల్లో జలుబు బాగా ఉంది. ఎవరో తలుపు కొడితే చేతికందిన కోటు భుజాలమీద వేసుకుని వెళ్లి ఉండొచ్చు. లేదా హంతకుడు దాన్ని రక్తం చిందకుండా అడ్డుపెట్టుకుని ఉండొచ్చు. ఆ హంతకుడు వాలెస్ కావచ్చు, కాకపోవచ్చు. పైగా ఇంత పకడ్బందీగా పథకం వేసినవాడు తన సొంత కోటునే శవం కింద వదిలేస్తాడా అన్న ప్రశ్నకు సరైన జవాబు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

ఈ నిమిషాల గొడవంతటికీ మూలం ఒక డాక్టరు నిర్లక్ష్యం. ఆ రాత్రి పదింటికి కాస్త ముందు వచ్చిన ప్రొఫెసర్ మెక్‌ఫాల్ శరీర ఉష్ణోగ్రత కొలవలేదు. మెడ, చెయ్యి ఎంత బిగుసుకున్నాయో చూసి చావు ఆరింటికి అయిందన్నాడు. ఆరున్నరకు ఆమె పాలు తీసుకుంది కదా! శవం బిగుసుకోవడం మనిషిని బట్టీ, గది వేడిని బట్టీ మారిపోతుంది. దాన్నొక్కదాన్నే పట్టుకుని నిమిషాల లెక్క చెప్పలేం. థర్మామీటరు వాడి ఉంటే చావు ఏడుకు ముందా, ఎనిమిదికా అన్నది కొంతైనా తేలేది. ఎనిమిది అని తేలితే వాలెస్ ఆ క్షణమే నిర్దోషి. అంత ముఖ్యమైన కొలత తీసుకోని డాక్టరు, కోర్టులో మాత్రం భార్య శవం ఇంట్లో ఉండగా వాలెస్ మరీ ప్రశాంతంగా ఉన్నాడని తన అభిప్రాయం చెప్పాడు.

ఔత్సాహికుల వాదనల్లో కోపం తెప్పించే భాగం ఈ ప్రవర్తన గోలే. సిగరెట్లు కాల్చాడు, పిల్లిని నిమిరాడు, ఏడవలేదు కాబట్టి హంతకుడే అని ఒకరు. పోలీసులు పక్కన లేనప్పుడు రెండుసార్లు వెక్కి ఏడ్చాడని పక్కింటావిడ చెప్పింది కాబట్టి కాదని ఇంకొకరు. కష్టానికీ సుఖానికీ చలించకూడదని చెప్పే స్టోయిక్ తత్వవేత్తలను చదివేవాడు, నిగ్రహం అలవాటు అని మూడోవారు. మెన్లవ్ గార్డెన్స్‌లో అంతమందిని దారి అడగడం సాక్షుల్ని పోగుచేసుకోవడమేనని ప్రాసిక్యూషన్ అంది. కమీషన్ మీద బతికే ఏజెంటు ఒక మంచి పాలసీ కోసం పది తలుపులు కొడతాడు, అందులో వింతేముంది? పోలీసుతో మాట్లాడుతూ గడియారం చూసుకున్నాడట. ఏడున్నరకు ఒకచోట ఉండాల్సినవాడు గడియారం చూసుకోకపోతేనే అనుమానించాలి. ఇల్లు చేరాక తాళాలతో తంటాలు నటన అన్నారు. తాళాల పనివాడు వచ్చి చూస్తే ముందు తలుపు తాళం పాడైంది, వెనకది బిగుసుకుపోయింది. నిర్దోషి అయితే ఇలా చేస్తాడా అనే ప్రశ్నతో మొదలయ్యే ఏ వాదనా ఈ కేసులో ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

సరే, ఫోన్ పారీ వైపు చూపిస్తోంది, హత్య పారీ చేయలేడు. ఈ రెండిటినీ కలపడానికి పుట్టినవే మిగతా సిద్ధాంతాలు. పారీ ఫోన్ చేశాడు, అతని స్నేహితుడొకడు వెళ్లి దొంగతనం చేయబోయి చంపాడు. పారీ ఆకతాయితనానికి ఫోన్ చేశాడు, ఆ అవకాశాన్ని వాలెస్ వాడుకున్నాడు. వాలెస్, పారీ కలిసే చేశారు. వాలెస్ ఇంకెవరికో డబ్బిచ్చాడు. ఆ రాత్రి వాలెస్ ఇల్లు చేరడానికి కాస్త ముందు ఆయన దగ్గర్లో ఎవరితోనో మాట్లాడుతుండగా చూశానన్న ఒక యువతి సాక్ష్యం ఈ చివరివాళ్లకు ఊతం. వాలెస్ అలాంటిదేం జరగలేదన్నాడు.

ఈ అతుకుల బొంతల్లో కాస్త నిలబడేది మొదటిదే. ముందుగదిని ఆ ఇంట్లో అతిథులు వచ్చినప్పుడూ, సంగీతం వాయించుకునేటప్పుడూ మాత్రమే వాడేవారు. అక్కడ పొయ్యి వెలిగించి ఉందంటే ఎవరో వచ్చారని అనుకోవచ్చు. నేనే క్వాల్ట్రోను, మీ ఆయన దారి తప్పినట్టున్నాడు అని చెప్పి లోపలికి రావడం కష్టం కాదు. క్యాష్‌బాక్సులో పోయింది సుమారు నాలుగు పౌండ్లే. మామూలు వారాల్లో అంతకంటే చాలా ఎక్కువే ఉండేది. ఆ వారం వాలెస్ ఒంట్లో బాగోక వసూళ్లు సరిగా చేయలేదు. ఆ సంగతి బయటివాడికి తెలియకపోవచ్చు, వాలెస్‌కు తెలుసు. దొంగతనం నటించాలనుకున్నవాడు ఖాళీ వారాన్ని ఎంచుకుంటాడా? ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ రెండో మనిషి ఎవరు అనేసరికి చేతిలో ఏమీ ఉండదు. రక్తపు మరక లేదు, వేలిముద్ర లేదు, చూసినవాడు లేడు. రెండు కొసలు కలవాలి కాబట్టి మూడో మనిషి ఉండాలి అనడం మన అవసరమే తప్ప సాక్ష్యం కాదు. పారీ, వాలెస్ కలిశారనే సిద్ధాంతాలకు ఆ అవసరం తప్ప ఆధారం ఇంకా తక్కువ.

ఔత్సాహికులు ఊరికే కాలక్షేపం చేశారనుకుంటే పొరపాటే. పారీ చెప్పిన వేళల్ని మిగతా వాంగ్మూలాలతో పోల్చి తప్పు పట్టింది వాళ్లే. జూలియా వయసు 52 అని కోర్టు కాగితాలన్నీ అన్నాయి. పాత చర్చి రిజిస్టర్లు తిరగేసి, ఆమె 1861లో పుట్టిందని, చనిపోయేనాటికి 69 ఏళ్లని తర్వాతి పరిశోధకులు కనిపెట్టారు. భర్త కంటే 17 ఏళ్లు పెద్ద. 1914లో పెళ్లినాడు ఆమె తన వయసు 37 అని రాయించింది. వాలెస్‌కు ఈ సంగతి తెలుసో లేదో ఎవరూ చెప్పలేరు. అయినా ఇది బయటపడగానే కొందరు దీన్ని హత్యకు కారణంగా మార్చేశారు. రిజిస్టరు దగ్గర పడ్డ శ్రమ కారణం దగ్గర కనిపించదు.

మన దేశంలోనూ ప్రత్యక్ష సాక్షి లేని కేసుల్లో కోర్టులు పాటించే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. 1984లో శరద్ బిర్దీచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు, రుజువైన పరిస్థితులన్నీ నిందితుడి నేరాన్ని తప్ప మరే ఊహనూ మిగల్చకూడదంది. వాలెస్ మీద ఈ కొలత పెడితే శిక్ష నిలవదు. పారీ మీద పెట్టినా, పేరు తెలియని మూడోవాడి మీద పెట్టినా అంతే. కోర్టు ‘రుజువైందా’ అని అడిగి ఆగిపోగలదు. ఔత్సాహికుడు ‘ఎవరు’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఎవరో ఒకరి పేరు చెప్పితీరాలి. అందుకే 51 శాతం నమ్మకం కాస్తా వాదన ముగిసేసరికి నూరు శాతంలా వినిపిస్తుంది.

1981 రేడియో కార్యక్రమంతో పాటు బయటికొచ్చిన మరో సాక్ష్యం మీద ఇవాళ్టికీ గట్టిగా వాదనలు నడుస్తున్నాయి. హత్య జరిగిన రాత్రి పారీ తన కారు తెచ్చి కడిగించాడని, లోపల రక్తంతో తడిసిన గ్లోవ్ ఒకటి చూశానని అప్పటి గ్యారేజీ పనివాడు చెప్పాడు. నిజమైతే ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. ఆ మాట 1931 విచారణలో ఎక్కడా వినిపించలేదు. అది జనం చెవిన పడింది యాభై ఏళ్ల తర్వాత, పారీ చనిపోయాక. గ్లోవ్ లేదు, కారు లేదు. పారీనే దోషి అనేవాళ్లు ఈ మాటను నమ్మాలంటే ఎనిమిదిన్నర దాకా అతను తమతో ఉన్నాడన్న ఆ ఇంటివాళ్లందరి మాటనూ కాదనాలి, లేదా రక్తం ఇంకొకరి చేతిదనాలి. అప్పుడు మళ్లీ ఆ మూడోవాడి పేరు కావాలి.